బండి నడుస్తోంది సరే.. కరెంటు ఎక్కడిది?

రెండు నెలలకోసారి క్రమం తప్పకుండా నా ఫోనుకి ఒక వీడియో వస్తుంది. ఒకసారి నీళ్ళతో నడిచే కారు, ఇంకోసారి గాలితో నడిచే బైకు, మరోసారి "ఒక్కసారి ఛార్జ్ చేస్తే మళ్ళీ జన్మలో ప్లగ్గు పెట్టక్కర్లేని" స్కూటరు. కింద ఒక వాక్యం మాత్రం తప్పనిసరి: "పెట్రోలు కంపెనీలు దీన్ని తొక్కేస్తున్నాయి, అందరికీ షేర్ చెయ్యండి". పంపేవాళ్ళు చదువుకోనివాళ్ళేం కాదు. మా ఆఫీసు గ్రూపులో ఆర్కిటెక్టులు, డెలివరీ మేనేజర్లు పంపుతుంటారు. దాని కింద వచ్చే జవాబులు కూడా ఎప్పుడూ రెండే రకాలు. "మనవాళ్ళ బుర్రే బుర్ర" అని ఒకరు, "ఇంటర్ లో ఫిజిక్స్ క్లాసు ఎగ్గొట్టావా" అని ఇంకొకరు. ఓ పది నిమిషాలు గొడవ, ఆ తర్వాత ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వులు పెడతారు, అంతటితో సరి.

నాకు ఈ రెండు జవాబులూ నచ్చవు. మొదటిది ఎందుకు నచ్చదో చెప్పక్కర్లేదు. రెండోది సైన్సు పరంగా కరెక్టే, కానీ దానితో మాట ఆగిపోతుంది. ఎందుకంటే వీడియోలో బండి నిజంగానే కదులుతోంది కదా! మన కళ్ళముందు తిరుగుతున్న చక్రాన్ని పట్టుకుని "అసాధ్యం" అంటే వినేవాడు మనల్నే పిచ్చోడిలా చూస్తాడు. కదులుతోందంటే ఎక్కడినుంచో శక్తి వస్తోందన్నమాట. ఎక్కడినుంచి? అడగాల్సింది ఇదొక్కటే అని నా ఉద్దేశం. అడిగితే దొరికేది ప్రతిసారీ దొంగే కాదు. ఒక్కోసారి తెలియక నమ్మినవాడు దొరుకుతాడు, ఒక్కోసారి నిజంగా మంచి ఇంజనీరింగ్ దొరుకుతుంది.

ఇదంతా వాట్సాప్ కాలక్షేపమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా బాబాయి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో, మెషిన్ షాపులో, ముప్ఫయ్యొక్కేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. పీఎఫ్ డబ్బులు చేతికొచ్చాయి. ఖాళీగా కూర్చోవడం ఆయనకి చేతకాదు. మల్లాపూర్ వైపు ఒక షెడ్డులో తెలిసిన మెకానిక్ ఒకాయన పాత ఎలక్ట్రిక్ స్కూటరుకి ఏదో కిట్టు బిగించాడట. వెనక చక్రానికి బెల్టు, బెల్టు చివర ఆల్టర్నేటరు, దాన్నుంచి వైరు మళ్ళీ బ్యాటరీకే. "నడుస్తూ నడుస్తూ అదే ఛార్జ్ అవుతుంది". ఆ కిట్లు అమ్మే కంపెనీ వాళ్ళు ఉప్పల్, నాచారం ఏరియాకి డీలర్‌షిప్ ఇస్తారట. డిపాజిట్ ఎనిమిది లక్షలు. ఒక ఆదివారం బాబాయి ఫోను: "ఒరేయ్, నువ్వు ఇంజినీరువి కదా, ఒకసారి వచ్చి చూసి చెప్పు." (మనం రాసేది జావా అని వాళ్ళకెలా చెప్తాం? మన ఇళ్ళల్లో ఇంజినీరంటే ఇంజినీరే. ఫ్రిజ్ ఆగినా మనమే, బోరు మోటారు కాలినా మనమే :) )

ఆయన దగ్గర సూత్రాలు మొదలుపెట్టి లాభం లేదు. అందుకని సైకిలు డైనమో సంగతి తీశాను. "బాబాయ్, నువ్వు నైట్ షిఫ్టుకి సైకిల్ మీద వెళ్ళేటప్పుడు డైనమో ఉండేది కదా. అది టైరుకి ఆనించగానే ఏమయ్యేది?" ఆయన వెంటనే అన్నాడు, "తొక్కుడు బరువయ్యేది రా. ఎదురుగాలి ఉంటే లైటు తీసేసి చీకట్లోనే వచ్చేసేవాణ్ణి." అంతే కదా! ఆ డైనమో ఇచ్చేది మూడు వాట్లు. ఆ మూడు వాట్ల కోసమే కాళ్ళు లాగేవి. స్కూటరు నలభై స్పీడులో వెళ్ళాలంటే దాదాపు వెయ్యి వాట్లు కావాలి. అంత కరెంటు ఆల్టర్నేటరు నుంచి పుట్టాలంటే దాన్ని తిప్పడానికి అంతకంటే ఎక్కువే పెట్టాలి. పెట్టేదెవరు? బ్యాటరీయే.

లెక్క ఇలా వేసి చూపించాను. బ్యాటరీ లోంచి ఒక రూపాయి కరెంటు తీశాం. మోటారు దాన్ని తిప్పుడుగా మార్చేసరికి పదిహేను పైసలు వేడిగా పోయాయి, 85 పైసలు మిగిలాయి. బండి కదలడానికి పైసా కూడా వాడకుండా మొత్తం ఆల్టర్నేటరుకే ఇచ్చేశాం అనుకుందాం. అది 85 శాతం బాగా పనిచేస్తే 72 పైసలు. మళ్ళీ బ్యాటరీలోకి ఎక్కించేటప్పుడు పది శాతం పోతే చివరికి తిరిగొచ్చేది 65 పైసలు. అదీ బండి ఒక్క అంగుళం కూడా కదలకుండా! నిజానికి ఇవి మంచి సామాను అంకెలు. పాత ఆల్టర్నేటరుకి 85 శాతం అంటే మనం దానికి మర్యాద చేసినట్టే. పైసలు కలిపి చూసుకున్నాక బాబాయి, "అంటే చిట్టీ పాడినట్టుంది, మన డబ్బే మనకి, మధ్యలో కమీషన్ పోను" అన్నాడు. నేను చెప్పిందానికంటే ఇదే బాగుంది.

కానీ షెడ్డులో మెకానిక్ మాత్రం మోసగాడు కాదు. ఇక్కడే నాకు ఆసక్తి పెరిగింది. ఆయన బ్యాటరీకి చిన్న వోల్టుమీటరు పెట్టుకున్నాడు. బండి పది కిలోమీటర్లు నడిపి తీసుకొచ్చి ఆపి, "ఇప్పుడు చూడండి సార్" అన్నాడు. నడిచేటప్పుడు 46 చూపిస్తున్న మీటరు, ఆపిన తర్వాత మెల్లగా 47, 48 దాటి పైకి వెళ్తోంది. ప్లగ్గు లేదు, ఏమీ లేదు, దానంతటదే ఎక్కుతోంది! ఆయన కళ్ళల్లో మెరుపు చూస్తే నాకే ఒక్క క్షణం ముచ్చటేసింది.

అదేమిటంటే, లోడు పడ్డప్పుడు బ్యాటరీ వోల్టేజి కుంగుతుంది, లోడు తీసేస్తే మళ్ళీ లేస్తుంది. లోపల ఉన్న నిరోధం ఒక కారణం, రసాయనాలు ప్లేట్ల దగ్గర మళ్ళీ సర్దుకోడానికి పట్టే టైము ఇంకో కారణం. లెడ్ యాసిడ్ బ్యాటరీల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మెట్లెక్కి ఆయాసపడ్డ మనిషి కాసేపు కూర్చుంటే ఊపిరి సర్దుకుంటుంది, అంతమాత్రాన కడుపు నిండినట్టు కాదు కదా. వోల్టేజి పెరిగింది, కానీ లోపలున్న శక్తి పెరగలేదు. మన భాషలో చెప్పాలంటే ఆయన డాష్‌బోర్డులో తప్పు మెట్రిక్ చూస్తున్నాడు. మనం కూడా సర్వర్ పింగ్ కి జవాబిస్తోందని అప్లికేషన్ బాగానే ఉందని రిపోర్టులు పంపిన రోజులు లేవంటారా?

మరి పది కిలోమీటర్లు నడిపిన శక్తి ఎక్కడిది? ముందురోజు రాత్రి ప్లగ్గు పెట్టి ఎక్కించిందే. ఇలాంటి బళ్ళన్నిటిలో మొదటి అనుమానితుడు ఎప్పుడూ ఇదే, ముందుగా నింపి ఉంచిన బ్యాటరీ. నాలుగు పన్నెండు వోల్టుల బ్యాటరీలు, 28 ఆంపియర్-అవర్లు అంటే లేబుల్ ప్రకారం 1.3 యూనిట్ల పైన. స్కూటరు కిలోమీటరుకి పాతిక వాట్-అవర్లు తింటుందనుకుంటే, నష్టాలు పోను నలభై కిలోమీటర్లు హాయిగా వెళ్ళొచ్చు. డెమోలు ఎప్పుడూ పది కిలోమీటర్లే ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమైంది కదా. బ్యాటరీ అయిపోయేలోపు డెమో అయిపోతుంది. కాష్ లో ఉన్న డేటాతో అప్లికేషన్ నడుస్తున్నంతసేపు డేటాబేస్ పడిపోయిందని ఎవరికీ తెలియదు, అలాగన్నమాట.

అందుకే నేను వాదించకుండా ఒకటే అడిగాను. "రెండు రోజులు ఇవ్వండి. ఒక రోజు ఫుల్ ఛార్జ్ చేసి బెల్టుతో ఆగిపోయేదాకా నడుపుదాం. ఇంకో రోజు అదే ఫుల్ ఛార్జ్ తో బెల్టు తీసేసి నడుపుదాం. అదే రోడ్డు, అదే మనిషి, అదే స్పీడు." మెకానిక్ వెంటనే ఒప్పుకున్నాడు. (మోసగాడు కాదని నాకు నమ్మకం కుదిరింది అక్కడే. మోసం చేసేవాడు ఈ పరీక్షకి వంద సాకులు చెప్తాడు.) నాచారం, మల్లాపూర్ మధ్య బాబాయి స్వయంగా నడిపాడు, ఇద్దరం వెనకాల నా బండి మీద. బెల్టుతో 36 కిలోమీటర్ల దగ్గర ఆగింది. బెల్టు తీసేస్తే 42 వెళ్ళింది. అంటే ఛార్జ్ చేస్తుందనుకున్న కిట్టు ఆరు కిలోమీటర్లు తినేస్తోంది.

మెకానిక్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తెలిసిందేమిటంటే ఆ కిట్టు కంపెనీకి ఆయన అప్పటికే మూడు లక్షలు కట్టి ఉన్నాడు. భార్య నగలు కుదువ పెట్టి. ఆరు నెలలు తిరిగేసరికి ఆ కంపెనీ ఆఫీసుకి తాళం పడింది, ఫోన్లు మూగబోయాయి. బాబాయి డబ్బులు ఫిక్స్‌డ్ డిపాజిట్ లో ఉన్నాయి, మెకానిక్ డబ్బులు పోయాయి. ఆయన వేసిన బెల్టు బ్రాకెట్ చూస్తే ముచ్చటగా ఉంటుంది, అరమిల్లీమీటరు తేడా లేకుండా తిప్పిన పని. అంత చెయ్యి తిరిగిన మనిషికి ఒక సరైన మీటరు, ఒక సరైన ప్రశ్న ఎవరూ ఇవ్వలేదు. నన్ను ఇది రాసేలా చేసింది ఆ ఎనిమిది లక్షలు కాదు, ఈ మూడు లక్షలు.

ఇకపోతే, బ్యాటరీ తర్వాత వరసలో ఉండే అనుమానితుల్ని కూడా ఒకసారి చూద్దాం.

రెండోది వాలు. అమెరికాలో నికోలా అనే కంపెనీ 2018 లో తన ఎలక్ట్రిక్ లారీ రోడ్డు మీద దూసుకెళ్తున్న వీడియో విడుదల చేసింది. 2020 లో అసలు సంగతి బయటపడింది. లారీని పొడవాటి వాలు మీదకి లాక్కెళ్ళి వదిలేశారు, అది దొర్లుకుంటూ వచ్చింది! ఆ కంపెనీ పెట్టిన ట్రెవర్ మిల్టన్ ఇన్వెస్టర్లని మోసం చేశాడని 2022 లో జ్యూరీ తేల్చింది, 2023 లో నాలుగేళ్ళ శిక్ష పడింది, 2025 లో అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. అదే ఏడు కంపెనీ దివాలా తీసింది. ఒకప్పుడు వేలకోట్ల డాలర్ల విలువ కట్టిన కంపెనీకి ఇంధనం వాలు అన్నమాట. లేహ్ దగ్గర మాగ్నెటిక్ హిల్ కూడా ఇంతే, ఎత్తులా కనిపించే పల్లం. అయస్కాంతం ఏమీ లేదు. మందు చాలా సింపుల్: అదే రోడ్డు మీద వెనక్కి కూడా నడిపి చూపించమనండి.

మూడోది, నీళ్ళ పేరు చెప్పి వాడే మరో పదార్థం. నీళ్ళతో నడిచే కారు అనగానే గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. హైడ్రోజన్ మండిపోయాక మిగిలేదే నీళ్ళు. పొయ్యిలో బూడిదని మళ్ళీ అంటిస్తే మండుతుందా? నీళ్ళని విడగొట్టడానికి ఎంత శక్తి పెడతామో, మళ్ళీ కలిపినప్పుడు మహా అయితే అంతే వస్తుంది, నిజానికి అంతకంటే తక్కువే. అమెరికాలో స్టాన్లీ మేయర్ "వాటర్ ఫ్యూయెల్ సెల్" మీద ఇద్దరు ఇన్వెస్టర్లు కేసు పెడితే 1996 లో ఒహైయో కోర్టు అది ఘోరమైన మోసమని చెప్పి డబ్బు వెనక్కి ఇమ్మంది. ఫిలిప్పీన్స్ లో నీళ్ళ కారు డేనియల్ డింగెల్ కి 2008 లో, ఎనభై దాటిన వయసులో, మోసం కేసులో జైలు శిక్ష పడింది. పాకిస్తాన్ లో 2012 లో ఆఘా వకార్ నీళ్ళ కిట్టు టీవీ ఛానెళ్ళని ఊపేసింది. అక్కడి అణు శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ అంతటివాడు వత్తాసు పలికితే, పర్వేజ్ హుడ్‌భాయ్ లాంటి ఫిజిక్స్ ప్రొఫెసర్లు తలలు బాదుకున్నారు. పెద్ద పేరు ఉన్నంత మాత్రాన లెక్క మారదు.

అయితే కొన్ని నీళ్ళ బళ్ళు నిజంగానే నడుస్తాయి! వాటిలో నీళ్ళు కాదు ఇంధనం, నీళ్ళు తగలగానే మండే వాయువుని ఇచ్చే వేరే పదార్థం. నాచారం వెల్డింగ్ షాపుల్లో పాతకాలం వాళ్ళనడగండి, కార్బైడ్ రాళ్ళ మీద నీళ్ళు పోస్తే గ్యాస్ వస్తుందని చెప్తారు. మామిడికాయలు మగ్గేయడానికి వాడకూడదని ప్రభుత్వం మొత్తుకునేది కూడా ఈ కార్బైడే. ఆ ఎసిటిలీన్ తో ఇంజను తిరుగుతుంది, నిజమే. కానీ ఆ రాయిని తయారుచెయ్యడానికి సున్నం, కోకు బొగ్గు కలిపి కరెంటు కొలిమిలో రెండువేల డిగ్రీల పైన ఉడికించాలి. అల్యూమినియం కూడా అంతే, కిలో లోహం తయారవడానికి పదమూడు పద్నాలుగు యూనిట్ల కరెంటు మింగుతుంది. జపాన్ లో జెనెపాక్స్ అనే కంపెనీ 2008 లో ఒసాకాలో నీళ్ళు పోసి కారు నడిపి చూపించింది, లోపల ఏం జరుగుతోందో మాత్రం సరిగ్గా చెప్పలేదు. నీళ్ళతో చర్య జరిపే లోహ సమ్మేళనం ఏదో ఉండి ఉంటుందని చాలామంది నిపుణుల అంచనా. 2009 లో కంపెనీ మూతబడింది. కాబట్టి నీళ్ళ కారు చూపిస్తే "నీళ్ళు కాకుండా ఇంకేం అయిపోతోంది, ఎన్నాళ్ళకి మార్చాలి, కిలో ఎంత?" అని అడగాలి.

నాలుగోది అచ్చంగా హస్తలాఘవం. 1996 లో తమిళనాడులో రామర్ పిళ్ళై మూలికా పెట్రోలు అంటే దేశమంతా నోరెళ్ళబెట్టింది గుర్తుందా? నీళ్ళలో ఆకులు వేసి ఉడికించి, కర్రతో కలిపితే పైన పెట్రోలు తేలేది. ఐఐటీ మద్రాసులో చూసినవాళ్ళకి ఆ కర్ర మీద అనుమానం వచ్చింది. లోపల బోలు, చివర మైనం, మైనం కరగగానే లోపలున్న ఇంధనం బయటకి! అంతటితో ఆగకుండా అదే ఇంధనం పేరుతో వ్యాపారం కూడా నడిచింది. సీబీఐ కేసు తేలేసరికి 2016 అయింది, మూడేళ్ళ శిక్ష పడింది. ఇరవయ్యేళ్ళు. ఇంకా పాత కథ కావాలంటే, 1813 లో న్యూయార్కులో రెడ్‌హెఫర్ అనేవాడు పెట్టిన నిత్యచలన యంత్రం తిరుగుతున్న తీరు చూసి, స్టీమరుని వ్యాపారపరంగా విజయవంతం చేసిన రాబర్ట్ ఫుల్టన్ కి అనుమానం వచ్చిందట. వేగం ఒకేలా లేదు, మనిషి చేత్తో తిప్పినట్టు ఊగుతోంది. పలకలు ఊడబీకితే గోడ లోంచి సన్నని బెల్టు పైకి పోతోంది, అటక మీద ఒక ముసలాయన కూర్చుని హ్యాండిల్ తిప్పుతున్నాడు! ఫుల్టన్ వేసిన ప్రశ్న కూడా మనదే, ఇది ఎక్కడినుంచి తిరుగుతోంది?

ఇప్పటిదాకా చదివి "అయితే అన్నీ బోగసే అంటావు" అనుకోకండి. అదే ప్రశ్న అడిగితే నిజమైన జవాబు దొరికే బళ్ళున్నాయి. నాకు వీటి గురించి చెప్పడమే ఎక్కువ ఇష్టం.

మన విశాఖపట్నం దగ్గరే చూడండి. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని రేవుకి చేర్చి జపాన్ కి పంపడం కోసం 1960ల్లో వేసిన కిరండూల్-కొత్తవలస లైను ఉంది. అరకు వెళ్ళేవాళ్ళు ఎక్కేది ఈ లైనే. అరకు పక్కన శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి ఖనిజం నిండిన గూడ్సు అనంతగిరి కొండల్లో సొరంగాలు దాటుకుంటూ శృంగవరపుకోట వైపు దిగుతుంది, ఎనిమిది తొమ్మిది వందల మీటర్లు. ఎక్కేటప్పుడు వ్యాగన్లు ఖాళీ! ఒక టన్ను బరువు 850 మీటర్లు దిగితే 2.3 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. లెక్క కోసం నాలుగువేల టన్నుల రైలనుకోండి, తొమ్మిదివేల యూనిట్ల పైమాటే. ఇప్పటి త్రీ ఫేజ్ ఇంజన్లు దిగేటప్పుడు మోటార్లనే జనరేటర్లుగా వాడి బ్రేకు వేస్తాయి, పుట్టిన కరెంటు పైనున్న తీగలోకి పోతుంది. రాపిడికి, నష్టాలకి పోను సగం మిగిలినా ఒక్క రైలు దిగితే ఎన్ని ఇళ్ళ నెల కరెంటో లెక్కేసుకోండి. (మొత్తం లైనంతా ఉచితం కాదులెండి. జగదల్‌పూర్ వైపు నుంచి శిమిలిగూడ దాకా ఆ బరువుని ముందు ఎక్కించాలి కూడా.)

ఇదే సూత్రంతో స్విట్జర్లాండ్ లో ఒక సిమెంటు క్వారీలో ఈడంపర్ అని ఒక లారీ తిప్పారు. ఖాళీ బరువు 45 టన్నులు, మోసే రాయి 65 టన్నులు, బ్యాటరీ 600 యూనిట్లు. క్వారీ కొండ మీద, ఫ్యాక్టరీ కింద. నిండుగా దిగేటప్పుడు ఎక్కించుకున్న ఛార్జితో ఖాళీగా పైకెక్కుతుంది, ఇంకా మిగులుతుంది కూడా. ప్లగ్గు పెట్టకుండా తిరిగే ఎలక్ట్రిక్ లారీ! వాట్సాప్ లో వస్తే మీరూ నేనూ కూడా నవ్వేస్తాం. కానీ "ఎక్కడినుంచి" అంటే జవాబు ఉంది, కొండ నుంచి. రాయిని అంత ఎత్తున భూమి ఎప్పుడో పెట్టి ఉంచింది, వీళ్ళు దించుకుంటున్నారు. కొండ అయిపోతే లారీకి మళ్ళీ ప్లగ్గు పెట్టాల్సిందే.

మనం రోజూ నాగోలు నుంచో ఉప్పల్ నుంచో ఎక్కే మెట్రో కూడా బ్రేకు వేసినప్పుడు కరెంటు వెనక్కిస్తుంది. అయితే అది మనం ఇచ్చిందాంట్లో కొంత వెనక్కి రావడమే. స్కూటరుకి ఈ లెక్క చూస్తే, ఇద్దరు మనుషులతో కలిపి 250 కిలోల బండి నలభై స్పీడులో ఉంటే దానిలో ఉన్న చలనశక్తి నాలుగు వాట్-అవర్ల పైచిల్లర. మొత్తం పట్టుకున్నా నూటయాభై, నూటడెబ్భై మీటర్లు వస్తుంది. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర రోజుకి పదిసార్లు ఆగేవాడికి పనికొస్తుంది, కానీ దానితో వరంగల్ వెళ్ళలేం.

ఎండ సంగతి కొంచెం నయం. హైదరాబాదులో చదరపు మీటరుకి రోజుకి సగటున ఐదు యూనిట్ల ఎండ పడుతుంది. ఇరవై శాతం ప్యానెల్ తో ఒక యూనిట్. కారు మీద రెండు చదరపు మీటర్లు పరిస్తే రెండు యూనిట్లు, అంటే పది పదిహేను కిలోమీటర్లు, అదీ రోజంతా ఎండలో నిలబెడితే. నాచారం నుంచి ఉప్పల్ కి వెళ్ళొచ్చేవాడికి సరిపోతుంది, రోజూ గచ్చిబౌలి వెళ్ళొచ్చే మనలాంటి వాళ్ళకి సరిపోదు. నెదర్లాండ్స్ లో లైట్‌ఇయర్ అనే కంపెనీ ఐదు చదరపు మీటర్ల ప్యానెళ్ళతో, అన్నీ కలిసొస్తే రోజుకి డెబ్భై కిలోమీటర్లు ఎండ మీదే వెళ్ళే కారు తయారుచేసింది. ధర రెండున్నర లక్షల యూరోలు. 2023 జనవరిలో ఉత్పత్తి ఆపేసింది. సైన్సు తప్పలేదు, లెక్క తప్పలేదు, గిట్టుబాటు తప్పింది.

"అసాధ్యం" అనే మాట వాడటానికి నేను ఎందుకు వెనకాడతానో చెప్పడానికి ఇంకొక్క బండి. 2010 లో అమెరికాలో రిక్ కావల్లారో వాళ్ళు బ్లాక్‌బర్డ్ అనే ఇంజను లేని బండి కట్టారు. గాలి వీచే దిక్కులోనే, ఆ గాలికంటే 2.8 రెట్లు వేగంగా పరిగెత్తింది. గాలి తోస్తే గాలికంటే స్పీడుగా ఎలా వెళ్తుందండీ అని అందరూ అన్నారు. 2021 లో ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ పదివేల డాలర్లు పందెం కాసి ఓడిపోయాడు. అందులో చక్రాలు ప్రొపెల్లర్ ని తిప్పుతాయి, ప్రొపెల్లర్ గాలిని వెనక్కి నెడుతుంది. శక్తి ఎక్కడిదంటే నేలకీ గాలికీ మధ్యనున్న వేగంలో తేడా. గాలి ఆగిపోతే బండీ ఆగిపోతుంది. జమాఖర్చు సరిపోయింది. చూడ్డానికి మన బెల్టు స్కూటరు లాంటిదే, కానీ దీనికి బయటినుంచి ఆదాయం ఉంది, దానికి లేదు. తేడా అంతా అక్కడే.

కాబట్టి మీ ఇంట్లోనో, మీ అపార్ట్‌మెంట్ లోనో ఎవరైనా ఇలాంటి బండి మీద డబ్బు పెడతానంటే, దయచేసి నవ్వి ఊరుకోకండి. ఫిజిక్స్ పాఠం కూడా పీకకండి. ఇవి అడగమని చెప్పండి చాలు.

ఒకటి, ఫుల్ ఛార్జ్ చేసి ఆగేదాకా నడపనిస్తారా? కిట్టు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి? రెండు, వోల్టుమీటరు కాకుండా బ్యాటరీ లోంచి ఎన్ని వాట్-అవర్లు బయటికి పోయాయో, ఎన్ని లోపలికి వచ్చాయో చూపించే మీటరు పెట్టనిస్తారా? (ఆన్‌లైన్ లో ఒకటి రెండు వేలకి దొరుకుతుంది.) మూడు, అదే రోడ్డు మీద రెండు వైపులా నడుపుతారా? నాలుగు, పెట్రోలు, కరెంటు కాకుండా బండిలో ఇంకేమేం అయిపోతున్నాయి? ఐదు, పుణె ఏఆర్ఏఐ లాంటి సంస్థ టెస్టు రిపోర్టు ఉందా?

"పేటెంటుకి అప్లై చేశాం" అంటే మాత్రం పడిపోవద్దు. ఫీజు కట్టి అప్లికేషన్ వేస్తే ఎవరికైనా నంబరు వస్తుంది, ఆ నంబరు పేటెంటు కాదు. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3 లో మొట్టమొదటి క్లాజే, ప్రకృతి నియమాలకి స్పష్టంగా విరుద్ధమైన దాన్ని ఆవిష్కరణగా లెక్కించకూడదని చెప్తుంది.

నిజమైన కొత్త ఆలోచన అయితే ఈ ఐదింటికీ సంతోషంగా ఒప్పుకుంటాడు. తెలియక నమ్మినవాడైతే ఒప్పుకుని నిజం తెలుసుకుంటాడు, ఇంకా డబ్బు పోసుకోకుండా ఆగుతాడు. ఒప్పుకోనివాడి బండి నడవడానికి శక్తి ఎక్కడినుంచి వస్తోందో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు. మీ డిపాజిట్ నుంచే.

మీ చుట్టాల్లో, స్నేహితుల్లో ఇలాంటి బళ్ళ కథలు ఏమైనా ఉంటే చెప్పండి. ముఖ్యంగా "ఎక్కడినుంచి" అని అడిగితే నిజంగా జవాబు దొరికినవి.